సీమస్ కాదు, షేమస్: ఐరిష్ వారి యాకోబు పేరు గురించి

సంపాదకులు గారికి నమస్కారాలు.

మీ పత్రిక సాహిత్య పేజీలోనూ, క్రీడల పేజీలోనూ, విదేశీ వార్తల్లోనూ ఒక ఐరిష్ మగపేరు తరచూ కనిపిస్తుంటుంది. 1995లో సాహిత్యానికి నోబెల్ బహుమతి అందుకున్న కవి హీనీ గారిది ఆ పేరే. ఎవర్టన్ ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్‌గా చేసిన కోల్‌మన్‌దీ అదే. దాన్ని ఒకరోజు సీమస్ అని, ఒకరోజు సియామస్ అని, ఇంకోరోజు సీమాస్ అని వేస్తున్నారు. మూడూ తప్పే. ఆ పేరు షేమస్. మన గోదావరి జిల్లాల పిల్లలు డబ్లిన్, కార్క్, లిమరిక్ ఊళ్లకు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్తున్న రోజులివి. ఇంటి దగ్గర తల్లిదండ్రులు అక్కడి పేర్లు తెలుసుకునేది మీ పత్రిక చదివే. పైగా ఇది మనకు ముక్కూమొహం తెలియని పేరు కాదు. నరసాపురం నుంచి రాజోలు దాకా ఏ ఊళ్లో పిలిచినా పలికే యాకోబు పేరే ఐర్లండు చేరి షేమస్ అయింది. అందుకని ఈ పేరు ఎలా చదవాలో, ఎక్కణ్ణుంచి వచ్చిందో, వాక్యంలో ఎలా మారుతుందో కొంచెం వివరంగా రాస్తున్నాం.

ముందు చదివే పద్ధతి. రోమన్ లిపిలో ఈ పేరులోని అక్షరాల వరస ఇది: ఎస్, ఈ, ఏ, ఎం, యూ, ఎస్. ఐరిష్ భాషలో రాసేటప్పుడు రెండో అక్షరం నెత్తిన కుడికి వాలిన చిన్న గీత పెడతారు. ఆ గీత పేరు ఫాడా, అంటే పొడవు. మన దీర్ఘం చేసే పనే అదీ చేస్తుంది. గీత ఉన్న ఆ అక్షరాన్ని 'ఏనుగు'లో మొదటి అక్షరంలా పలకాలి, 'ఈగ'లో మొదటి అక్షరంలా కాదు. ఇంగ్లిష్ అలవాటైన కంటికి ఈ, ఏ అక్షరాలు జంటగా కనబడగానే సీటు, టీ లాంటి మాటలు తట్టి నోరు 'ఈ' వైపు పోతుంది. సీమస్ అనే తప్పు పుట్టింది అక్కడే. జంటలోని రెండు అచ్చుల్నీ విడదీసి పలకబోతే సియామస్ వస్తుంది. నిజానికి ఆ మూడో అక్షరానికి సొంత పలుకే లేదు.

మరి ఎందుకు రాస్తారు? ఐరిష్‌లో హల్లులన్నిటికీ ఇంచుమించు రెండేసి పలుకులు ఉంటాయి. ఒకటి సన్నది, ఒకటి వెడల్పుది. ఈ, ఐ అక్షరాల పక్కన హల్లు సన్నగా పలుకుతుంది. ఏ, ఓ, యూ అక్షరాల పక్కన వెడల్పుగా పలుకుతుంది. పదం మధ్యలో హల్లుకు అటూ ఇటూ ఒకే జాతి అచ్చులుండాలి. సన్నదానికి సన్నది, వెడల్పుదానికి వెడల్పుది అని అక్కడి బడిపిల్లలు ఈ సూత్రాన్ని వల్లిస్తారు. ఎస్ అక్షరం సన్నగా పలికితే 'ష', వెడల్పుగా పలికితే 'స'. మన పేరులో మొదటి ఎస్ పక్కన ఈ ఉంది కాబట్టి 'ష'. చివరి ఎస్‌కు ముందు యూ ఉంది కాబట్టి 'స'. నడుమ ఎం అక్షరానికి కుడిపక్కన వెడల్పు అచ్చు ఉంది, ఎడమపక్కన కూడా వెడల్పు అచ్చే ఉండాలి కనుక అక్కడ ఏ అక్షరాన్ని తెచ్చి నిలబెట్టారు. అది ఎం పలుకును చూపే గుర్తు మాత్రమే. మొత్తం కలిపితే షే, మస్. ఊనిక అంతా 'షే' మీద పడుతుంది, 'మస్' తేలిగ్గా దొర్లిపోతుంది. అయిదో అక్షరంగా యూ బదులు ఏ రాసేవాళ్లూ ఉన్నారు. రెండూ వెడల్పు అచ్చులే కాబట్టి పలుకు మారదు. హీనీ గారు గీత లేకుండా రాసుకునేవారు, అయినా పలుకు షేమసే.

శేమస్ అని రాయకూడదా అని పండితులు అడగవచ్చు. నోటిలో నాలుక తగిలే చోటును బట్టి చూస్తే తాలవ్యమైన శకారమే ఆ ధ్వనికి దగ్గర. కాని షాపు, షర్టు, షేరు అని ఇంగ్లిష్ మాటల్ని షకారంతోనే చదవడం మనకు అలవాటైపోయింది. దానికితోడు మన వైపు వాడుకలో శనివారం సనివారం అవుతుంది, శాంతమ్మ సాంతమ్మ అవుతుంది. శేమస్ అని అచ్చువేస్తే సగం మంది సేమస్ అని చదువుతారు. షకారమే మేలని మా అభిప్రాయం.

ఇక పుట్టుక. మూలం హీబ్రూ. ఆదికాండంలో ఇస్సాకు కవల పిల్లల్లో రెండోవాడు అన్న మడమ పట్టుకుని పుట్టాడని, అందుకే యాకోబు అని పేరు పెట్టారని ఉంది. హీబ్రూలో మడమ అనే మాటకూ ఈ పేరుకూ ధాతువు ఒకటే. దేవుడు కాపాడుగాక అనే అర్థం గల పెద్ద పేరు పొట్టిదై ఇలా మిగిలిందని భాషాశాస్త్రజ్ఞులు చాలామంది చెబుతారు. ఈ పేరు గ్రీకులోకి వెళ్లాక రెండుగా చీలింది. కొత్త నిబంధన గ్రీకు మూలంలో పితరుడైన యాకోబు పేరు ఏ విభక్తిలోనైనా మారదు, మొద్దులా అలాగే ఉంటుంది. అదే పేరున్న అపొస్తలుల విషయంలో మాత్రం ఆ పేరుకు గ్రీకు పుంలింగపు తోక 'ఒస్' చేర్చి విభక్తులన్నీ పట్టించారు. లాటిన్ వాళ్లు దాన్ని యాకోబుస్ అన్నారు. తర్వాతి కాలపు జనం నోట బకారం మకారమై యాకోముస్ అనే ఇంకో రూపం నడిచింది. పెదవులు కలిపి పలికే బ, మ ఒకదానికొకటి మారడం ఏ భాషలోనైనా జరిగేదే. ఇటలీ వాళ్ల జాకొమో ఈ మకారపు రూపం నుంచి వచ్చింది. పాత ఫ్రెంచిలో జేమ్స్‌కు తండ్రి లాంటి రూపమూ దీన్నుంచే పుట్టింది.

1169లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్ సేనలు ఐర్లండు ఆగ్నేయ తీరాన వెక్స్‌ఫర్డ్ వైపు దిగాయి. వాళ్ల వెంట వాళ్ల పేర్లూ దిగాయి. సంప్రదాయ ఐరిష్ వర్ణమాలలో అక్షరాలు పద్దెనిమిది, వాటిలో 'జ'కు చోటు లేదు. ఉన్నవాటిలో దానికి దగ్గరగా వినిపించేది సన్న ఎస్, అంటే 'ష'. కాబట్టి జకారంతో వచ్చిన పేర్లు చాలావరకు షకారం తొడుక్కున్నాయి. జాన్‌కు చుట్టమైన ఫ్రెంచి పేరు షాన్ అయింది, జార్జి షోర్షె అయింది, ఆడవాళ్లలో జానెట్ షినేడ్ అయింది, ఫ్రెంచి జేమ్స్ షేమస్ అయింది. అంతకు ముందే మతగ్రంథాల లాటిన్ ద్వారా ఐరిష్‌లోకి యాకోబ్ అనే రూపం ఒకటి వచ్చి ఉంది. అది పితరుడికి ఉండిపోయింది. ఇంగ్లిష్ వాళ్లు జేకబ్, జేమ్స్ అని వేరు చేసినట్టే ఐరిష్ వాళ్లూ ఇద్దరినీ వేరు చేశారు. తెలుగు బైబిలు ఇద్దరికీ యాకోబు అనే ఒక్క పేరే ఉంచింది. ఇంగ్లిష్ బైబిల్లో జేమ్స్ పత్రిక మనకు యాకోబు పత్రిక అయింది అందుకే. మన డెల్టాలో ఒకే వీధిలో యాకోబు, జేమ్సు, యాకూబు ముగ్గురూ ఉంటారు. ముగ్గురివీ ఒకే పేరని చాలామందికి తట్టదు. షేమస్ ఆ కుటుంబంలో నాలుగోవాడు.

నార్మన్లు రాకముందు ఐరిష్ క్రైస్తవుల్లో పవిత్రుల పేర్లను నేరుగా పిల్లలకు పెట్టుకోవడం అరుదు. ముందు భక్తుడనో సేవకుడనో అర్థమిచ్చే మాట చేర్చి పెట్టుకునేవారు. మాయెల్ ఈసు అనేది అలాంటి పేరు. దానికి తెలుగు ఏసుదాసు. 1997 నుంచి 2011 దాకా ఐర్లండు అధ్యక్షురాలిగా చేసిన మేరీ మెకలీస్ ఇంటిపేరు కూడా ఈ జాతిదే. ఏసు సేవకుని కొడుకు అని దానర్థం. ఏసుదాసు, దేవదాసు, రామదాసు పేర్లు నిండిన నేల మీద పుట్టినవాళ్లకు ఆ పద్ధతిలోని వినయాన్ని వేరే చెప్పక్కర్లేదు.

అసలు చిక్కు వ్యాకరణంలో ఉంది. అనువాదకులు ఎక్కువగా తడబడేదీ ఇక్కడే. కర్తగా ఉన్నప్పుడు షేమస్. ఎదురుగా నిలబెట్టి పిలిస్తే షేమస్ కాదు, 'అ హేమిష్'. ముందున్న 'అ' మన ఓ, ఓయి లాంటి పిలుపు మాట. అది రాగానే పేరు మొదటా చివరా రెండు మార్పులు జరుగుతాయి. మొదటి ఎస్ పక్కన హెచ్ చేరి 'ష' కాస్తా 'హ' అవుతుంది. ఈ మెత్తబడటాన్ని వాళ్లు షేవూ అంటారు. చివరి ఎస్‌కు ముందు ఐ అక్షరం దూరి వెడల్పు 'స' సన్నదై 'ష' అవుతుంది. షేమస్ మొదట్లో ఉన్న ధ్వని చివరికి పోయి, మొదట్లో గాలి మాత్రం మిగిలినట్టు వినిపిస్తుంది. ఐరిష్‌కు చెల్లెలు లాంటి స్కాట్లండు గేలిక్ భాషలో కూడా ఇంతే. అక్కడ ఇంగ్లిష్ వాళ్లు ఇంటి ముందు తల్లి కొడుకుని కేకేస్తుంటే విన్న రూపాన్నే పేరనుకున్నారు. హేమిష్ అనే స్కాట్ పేరు అలా వచ్చింది. మన వీధిలో రాముడిని 'రామా' అని పిలవగా విన్న పరదేశి ఆ పిలుపునే పేరుగా రాసుకోవడం లాంటిది. మారీ అనే ఆడపేరు సంబోధన రూపం నుంచి అదే దేశంలో 'వారి' అనే పేరు కూడా పుట్టింది.

తెలుగువాళ్లకు ఇది వింత కాకూడదు. బడిలో డు, ము, వు, లు ప్రథమా విభక్తి అని వల్లించినప్పుడు చివర్లో ఓ, ఓయి, ఓరి, ఓసి సంబోధన ప్రథమ అనీ వల్లించాం. పిలుపులో మన పేర్లు కూడా మారతాయి. యాకోబు యాకోబూ అవుతాడు, అక్క అక్కా అవుతుంది, రాముడు రామా అవుతాడు. కొడుకు కొడకా అయినప్పుడు తోక పెరగడమే కాదు, మాట నడుమ అచ్చు కూడా మారుతుంది. అనేకులైతే ఆరా చేరి తమ్ముళ్లారా, పిల్లలారా అంటాం. ఇంగ్లిష్‌లో ఇదేమీ లేదు. ఇంగ్లిష్ ద్వారా ఐరిష్‌ను చూసేవాళ్లకు హేమిష్ ఇంకో మనిషిలా కనిపిస్తాడు. తెలుగు ద్వారా చూస్తే పిలుపని వెంటనే తెలుస్తుంది.

ఆ హెచ్ గురించి ఒక మాట. అది అక్షరం కాదు, గుర్తు. ఇరవయ్యో శతాబ్దం నడుమ దాకా ఐరిష్ పుస్తకాలు గేలిక్ లిపిలో అచ్చయ్యేవి. అప్పుడు మెత్తబడిన హల్లు నెత్తిన ఒక చుక్క పెట్టేవారు, అంతే. మామూలు రోమన్ అచ్చుకు మారినప్పుడు చుక్క బదులు పక్కన హెచ్ పెట్టారు. టీవీ కుస్తీల్లో కనిపించే ఐరిష్ మల్లుడు ఒకాయన ఇదే పేరును ఎస్ పక్కన హెచ్‌తో రాసుకుంటాడు. ఇంగ్లిష్ ప్రేక్షకులకు అది షేమస్ అని పలకడానికి సాయపడుతుంది. ఐరిష్ లెక్కన చదివితే మాత్రం హేమస్ అవుతుంది.

మొదటి మార్పు ఎందుకు వచ్చిందంటే, పాత ఐరిష్‌కు ముందటి రోజుల్లో పిలుపు మాట అచ్చుతో ముగిసేది. రెండు అచ్చుల నడుమ ఇరుక్కున్న హల్లు మెత్తబడింది. మన గసడదవాదేశంలో జరిగేదీ దాదాపు ఇదే. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. కూర, కాయ కలిస్తే కూరగాయలు. ఊరు, పల్లె కలిస్తే ఊరువల్లెలు. రెండో మార్పుకు కారణం రాలిపోయిన తోకలు. ఐరిష్‌కు మూలమైన పాత కెల్టిక్‌లో ఇలాంటి పుంలింగ నామాలకు సంబోధనలో 'ఎ', షష్ఠిలో 'ఈ' చివర ఉండేవి. లాటిన్‌లో యాకోబుస్ సంబోధన యాకోబె, షష్ఠి యాకోబీ అయినట్టే. ఆ ఎ, ఈ తమ ముందున్న హల్లును సన్నగా చేసి తాము రాలిపోయాయి. పదిహేను వందల ఏళ్ల కిందట ఓగమ్ అనే గీతల లిపిలో చెక్కిన శిలల మీద 'కొడుకు యొక్క' అనడానికి 'మక్వి' అని చెక్కి ఉంటుంది. ఇప్పుడు మాక్ అంటే కొడుకు, మిక్ అంటే కొడుకు యొక్క. చివరి ఇకారం పోయి, దాని రంగు లోపలి అచ్చుకు అంటుకుంది. షేమస్ వచ్చేనాటికే ఆ తోకలు లేవు. అయినా కొత్త పేరు పాత పేర్ల దారినే నడిచింది. మనం ఇంగ్లిష్ డాక్టరుకు లు చేర్చి డాక్టర్లు అనుకున్నట్టే.

అందువల్ల షష్ఠీ రూపం కూడా హేమిష్ అనే పలుకుతుంది. షేమస్ ఇల్లు అనాలంటే ఐరిష్ వాడు ముందు ఇల్లు అని, తర్వాత హేమిష్ అంటాడు. 'యొక్క'కు వేరే మాట లేదు, పేరు రూపమే ఆ పని చేస్తుంది. ఊరు ఊరి అయి, కాలు కాలి అయి, ఏరు ఏటి అయి 'ఊరి చెరువు', 'కాలి అందె', 'ఏటి గట్టు' అనడం మనకు తెలిసిందే. రెండు భాషలకూ చుట్టరికం లేదు. ఐరిష్ ఇండో-యూరోపియన్ కుటుంబపు కెల్టిక్ శాఖది, తెలుగు ద్రావిడ భాష. పోలిక పద్ధతిలో మాత్రమే. ఐరిష్ మాట్లాడే పల్లెల్లో ఒకే పేరు గలవాళ్లు ఎక్కువ. వాళ్లను తండ్రి, తాతల పేర్లతో గుర్తుపడతారు. పాడ్రిగ్ హేమిష్ అంటే షేమస్ గారబ్బాయి పాడ్రిగ్. హేమిష్ అతని ఇంటిపేరు కాదు. అనువాదంలో దాన్ని ఇంటిపేరుగా వేస్తే తండ్రి మాయమైపోతాడు.

మూడో రూపం ఇంకోటుంది, హేమస్. మనకు విభక్తులు పేరు వెనక వస్తాయి, వాళ్లకు పేరు ముందు వస్తాయి. వాటిలో కొన్ని మెత్తబరుస్తాయి, కొన్ని వదిలేస్తాయి. 'కు' అర్థమిచ్చే దొ, 'నుంచి' అర్థమిచ్చే ఓ, 'మీద' అర్థమిచ్చే ఎర్ తర్వాత షేమస్ హేమస్ అవుతాడు. 'దగ్గర' అర్థమిచ్చే ఎగ్, 'తో' అర్థమిచ్చే లె తర్వాత షేమస్‌గానే ఉంటాడు. హేమస్‌లో చివరి 'స' మారలేదు, మొదలు మాత్రమే మారింది. చివర 'ష' ఉంటే పిలుపు గాని షష్ఠి గాని, 'స' ఉంటే విభక్తి మాట ప్రభావం. ఈ ఒక్క గుర్తుతో వాక్యంలో పేరు చేస్తున్న పని చాలావరకు తెలిసిపోతుంది. ఇంకో ముచ్చట. ఐరిష్‌లో 'కలిగి ఉండు' అనే క్రియ లేదు. షేమస్ దగ్గర పుస్తకం ఉంది అని మనలాగే అంటారు. కాకపోతే మాటల వరస ఉంది, పుస్తకం, దగ్గర, షేమస్ అని తిరగబడి ఉంటుంది.

మిగతా పేర్లకూ ఇదే సూత్రం, కాని అన్నీ ఒకేలా మారవు. టొమాస్ పిలుపులో అ హొమాష్. టి పక్కన హెచ్ చేరితే 'హ' మిగులుతుంది. పాడ్రిగ్ అ ఫాడ్రిగ్ అవుతాడు. చివరి హల్లు ముందే సన్నది కాబట్టి అక్కడ మార్పు లేదు. మీహాల్ అ విహీల్ అవుతాడు. లియమ్ లియమ్‌గానే ఉంటాడు. స్టీఫెన్‌కు ఐరిష్ రూపమైన పేరులో ఎస్ వెనక టి ఉంది. ఎస్ పక్కన సి, ఎఫ్, ఎం, పి, టి ఉంటే మెత్తబడదు, అందుకే పిలిచినా దాని మొదలు చెక్కుచెదరదు. ఆడవాళ్ల పేర్లకు మొదలు మెత్తబడుతుంది గాని చివర సన్నబడదు. అచ్చుతో మొదలయ్యే పేర్లకు మార్పేమీ లేదు, మాటల్లో 'అ' కూడా లోపించి పేరు ఒక్కటే వినిపిస్తుంది.

పేర్ల సంగతి పక్కన పెట్టినా మన వ్యాకరణం చదివినవాళ్లు తప్పక చూడాల్సిన మార్పు ఒకటుంది. ఐరిష్‌లో ఉరూ అంటారు. కొన్ని మాటల తర్వాత క గ అవుతుంది, ట డ అవుతుంది, ప బ అవుతుంది. కార్క్ నగరానికి ఐరిష్ పేరు కకారంతో మొదలవుతుంది. కార్క్‌లో అనేసరికి అది గకారమవుతుంది. రాతలో అసలు అక్షరం తీసెయ్యకుండా దాని ముందు జి చేర్చి పెడతారు, పలకడం జి ఒక్కటే. కారణం ఏమిటంటే, ఆ ముందు మాటలు ఒకప్పుడు నకారంతో ముగిసేవి. ద్రుతం, అంటే చివరి నకారం, మీద పరుషాలు సరళాలవుతాయని మన సరళాదేశ సంధి చెప్పే మాట ఇదే. పూచెను, కలువలు కలిస్తే పూచెఁ గలువలు అయినట్టు. అక్కడ నకారం పూర్తిగా పోయింది, దాని ప్రభావం మిగిలింది. మన అరసున్న గతీ అదే. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. దాన్ని చదివిన తెలుగు విద్యార్థికి ఐరిష్ మొదటి పాఠంలోనే సగం భయం తీరిపోతుంది. మన కళాశాలల్లో భాషాశాస్త్రం చెప్పే అధ్యాపకులు ఈ పోలికను తరగతిలో వాడుకుంటే పిల్లలకు రెండు విధాల మేలు.

ఇవన్నీ చెప్పాక మీ డెస్కుకు మా మనవి. ఏ విభక్తిలో కనబడినా తెలుగులో మూలరూపం షేమస్ అనే వేయండి. మన విభక్తులు మనకున్నాయి. షేమస్‌కు, షేమస్‌ని, షేమస్‌తో అంటే చాలు. హేమిష్ యొక్క ఇల్లు, హేమస్‌కు అంటూ వాళ్ల విభక్తి మీద మన విభక్తి పేర్చొద్దు. ఐరిష్ ఉత్తరం ఏదైనా అనువదిస్తే మొదట్లో 'అ హేమిష్, అ ఖారా' అని ఉంటుంది. ఖారా అంటే మిత్రమా అని పిలుపు, దాని మూలరూపం కారా. అది మనిషి పేరు కాదు. ఐర్లండులో ఇంగ్లిష్ పత్రికల సంపాదకులకు రాసే ఉత్తరాలు సైతం కొన్ని ఆ మిత్ర సంబోధనతో మొదలవుతాయి. స్కాట్లండు వాడు తన పేరు హేమిష్ అని రాసుకుంటే మాత్రం హేమిష్ అనే ఉంచాలి, అది అతనికి పెట్టిన పేరు.

అలాగే షేమస్‌ను జేమ్స్ అని గాని యాకోబు అని గాని తర్జుమా చెయ్యకూడదు. రాజుల విషయం వేరు. 1690లో బోయిన్ నది ఒడ్డున ఓడిపోయిన రెండో జేమ్స్‌ను ఐరిష్ గ్రంథాలు షేమస్ అంటాయి. తెలుగు పాఠకుడికి ఆయన జేమ్స్‌గా పరిచయం కాబట్టి జేమ్స్ అనే రాయాలి. ఆయన పక్షంవాళ్లను జాకోబైట్లు అన్నది లాటిన్ యాకోబుస్ మీదుగా. ఆ సంగతి ఒక ముక్కలో చెబితే జేమ్స్ మనుషులు జాకోబైట్లు ఎలా అయ్యారన్న సందేహం పాఠకుడికి మిగలదు.

టైపు విషయంలో రెండు జాగ్రత్తలు. ఏజెన్సీ వార్తలోంచి పేరు కాపీ చేసి యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంటులో అతికిస్తే ఫాడా ఉన్న అక్షరం చోట ఏదో ఒక తెలుగు ముక్క వచ్చి కూర్చుంటుంది. పాత ఫాంట్లలో ఆ కోడు తెలుగు గుణింతపు ముక్కకు ఇచ్చేసి ఉంటుంది మరి. ప్రూఫు చూసేవారు అతికించిన దాన్ని నమ్మకుండా పేరును తెలుగులో చేత్తో టైపు చేయించాలి. రెండోది, యూనికోడ్‌లో షేమస్ పక్కన కు కొట్టగానే సకారానికి క వత్తు పడి 'షేమస్కు' అవుతుంది. రెంటి నడుమ వత్తును ఆపే జడ్‌డబ్ల్యూఎన్‌జే గుర్తు కొట్టాలి. అది వద్దనుకుంటే మన పెద్దలు జేమ్సు అన్నట్టు షేమసు అని అజంతం చేసి షేమసుకు, షేమసును అని రాసినా తప్పు లేదు, తెలుగు నుడికారానికి అదే దగ్గర కూడా. కాని ఒక పద్ధతి ఎంచుకుని అన్ని పేజీల్లోనూ దానికే కట్టుబడి ఉండాలి. వెబ్‌సైటులో వెతికేవాళ్లకు పాత వార్త దొరకాలంటే వేరే దారి లేదు.

ఇదే వరసలో ఇంకొన్ని పేర్లు దిద్దుకోవలసినవి ఉన్నాయి. 2024లో ఆస్కార్ అందుకున్న నటుడు మర్ఫీ పేరు కిలియన్, సిలియన్ కాదు. ఐరిష్‌లో సి ఎప్పుడూ 'క' అనే పలుకుతుంది. ఐర్లండు ప్రధాని పదవి చేసిన మార్టిన్ గారి పేరు మైఖేల్ కాదు, మీహాల్. సి, హెచ్ జంట ఆ పేరులో 'హ'. 2023లో కన్నుమూసిన గాయని ఓకానర్ పేరు షినేడ్. అన్నిటికన్నా మనకు ఉచ్చు వేసేది షివాన్ అనే ఆడపేరు. దాని మధ్యలో బి, హెచ్ ఉంటాయి. మనవాళ్లు భారతిని, భాస్కరాన్ని ఇంగ్లిష్‌లో బి-హెచ్‌తో రాసి రాసి అలవాటు పడ్డారు కాబట్టి సియోభన్ అని వేస్తారు. ఐరిష్‌లో బి పక్కన హెచ్ అంటే మెత్తబడిన బకారం, అంటే 'వ'. ఎం పక్కన హెచ్ చేరినా చాలాచోట్ల 'వ'. టి-హెచ్ మనకు తకారం, వాళ్లకు హకారం. కొత్తగా డెస్కులో చేరేవారికి ఈ నాలుగు జంటలూ ఒక చీటీ మీద రాసి ఇస్తే చాలా తప్పులు ఆగిపోతాయి.

ఇట్లు,
భాషోపాధ్యాయులు,
అమలాపురం, కోనసీమ జిల్లా